పైట అనే ఫోల్డరు

“నా పైటలన్నీ పోయినాయి” అంటూ వచ్చిన ఫిర్యాదును, ఉత్తరాలను వేరుచేసే యంత్రం ‘సంబంధం లేనివి’ అనే వరసలో పడేసింది. ఆ వరసను కూడా ఒకసారి తిరగేసే అలవాటు హేమలతకు ఉండబట్టి, సోమవారం పొద్దున అది ఆమె కంటబడింది.

హేమలత బెంగళూరులో, ఇందిరానగర్‌లో ఉన్న ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ళు ‘మల్లిగె’ అనే పేరుతో కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తున్నారు. ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆపేదాకా అంతా తెలుగులోనో కన్నడంలోనో నడుస్తుందన్నది దాని ప్రత్యేకత. అసలు విడుదలకు ముందు వచ్చే పరీక్ష కూర్పును, అంటే బీటాను, ఎవరైనా ఉచితంగా దించుకుని వాడవచ్చనీ, బాగున్నవీ బాగాలేనివీ రాసి పంపమనీ కంపెనీ ప్రకటించింది. వేలమంది దించుకున్నారు. వాళ్ళు రాసిన వాటిలో తెలుగు, కన్నడ ఉత్తరాలన్నీ చదివి, ఇంజనీర్లకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో పెట్టడం హేమలత ఉద్యోగం. ఆమెది హిందూపురం. రెండు భాషలూ వీధిలో ఆడుకుంటూ వచ్చినవే.

చాలామంది రాసేది ఒక్క ముక్క. ‘సూపర్’, ‘స్లో’, ‘వైఫై రాలేదు’. దొడ్డబళ్ళాపురం హనుమక్క మాత్రం అలా రాసేది కాదు. ఆమె మరమగ్గాల మీద నేసే చీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. ఊళ్ళో కంపెనీవాళ్ళు పెట్టిన శిబిరంలో మల్లిగెను చూసి, తెలుగులో టైపు చేయడం సులువుగా ఉందని తన కంప్యూటర్లో పెట్టుకుంది. అప్పట్నుంచి ఏది తోస్తే అది రాసి పంపేది. ‘ఈ బాణం గుర్తు మరీ సన్నంగా ఉండాది, నా వయసు వాళ్ళకి కనపడదు.’ ‘ఆపు అనే బటను పక్కనే మళ్ళీ మొదలు అనేది పెట్టినారు, తొందరలో ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కుతాము.’ ఆమె చెప్పినవి కొన్ని ఇంజనీర్లు నిజంగానే మార్చారు. మారినప్పుడల్లా హేమలత ఆమెకు రెండు వాక్యాలు రాసేది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గాని, ఇద్దరికీ పరిచయం ఉన్నట్టే ఉండేది.

అందుకే పైటలంటే ఏమిటో హేమలతకు వెంటనే అర్థమైంది. చీరకు అంచు డిజైను వేరు, ఒంటి డిజైను వేరు, పైట డిజైను వేరు. పైటదే పెద్ద పని. హనుమక్క వాటన్నిటినీ ‘పైట’ అనే ఫోల్డరులో పెట్టుకుంటుందని ఇంతకు ముందు ఎప్పుడో రాసింది.

ఇప్పుడు రాసింది నాలుగు మాటలే. ‘శనివారం అప్‌డేట్ అడిగింది, సరే అన్నాను. తెల్లారి చూస్తే నా పైటలన్నీ పోయినాయి.’

హేమలత ఫిర్యాదులో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఒక మగ గొంతు పలికింది. వెనక మగ్గాల చప్పుడు.

“ఆమె లేదమ్మా. నేను ఆమె ఇంటాయన్ని, గంగన్నను. కంప్యూటరు తీసుకుని అంగడికి పోయిండాది.”

“ఏ అంగడికండీ?”

“కంప్యూటర్లు రిపేరీ చేసేది. అంతా తుడిచేసి మళ్ళీ పాతది వేసిస్తానన్నాడంట. మధ్యాహ్నానికి అయిపోతాదంట.”

 డిస్కును తుడిచి కొత్తగా ఏదైనా ఎక్కిస్తే, పోయిన డిజైన్లు ఇంక దొరకవు. అవి ఎలా పోయాయో తెలుసుకునే దారీ ఉండదు. హేమలత గంగన్న దగ్గర హనుమక్క నంబరు తీసుకుని ఆమెకు చేసింది.

“అక్కా, నేను హేమలతను, మల్లిగె ఆఫీసు నుంచి. దయచేసి దాన్ని తుడవనియ్యొద్దు. మేం వస్తున్నాం. పోయినవి దొరకొచ్చు.”



“మీరు నొక్కమంటే నొక్కితిని, పోయినాయి. ఇంకోసారి మీ మాట వినమంటావా?” అంది హనుమక్క. గొంతు పెంచలేదు. “తేరు బొమ్మ ఉండే పైట కావాలని చిక్కపేట చీరల సావుకారి కాచుకోనుండాడు. మగ్గం ఖాళీగా నిలిచుండాది. నాకి ఇప్పుడు కంప్యూటరు నడిస్తే సాలు.”

“ఒక్క పూట ఆగండక్కా.”

హనుమక్క ఫోను పెట్టేసింది.

హేమలత వెళ్ళి శివ పక్కన నిలబడింది. శివ ఇంజనీరు. ఫైళ్ళ వ్యవహారం చూసేది అతనే. మితభాషి. విషయం విని లేచి, బీరువాలోంచి ఖాళీ డిస్కులు రెండు తీసి సంచిలో వేసుకున్నాడు.

“కారు కింద ఉంది, పద” అన్నాడు.

హెబ్బాళ దగ్గర మామూలుగానే బండ్లు నిలిచిపోయి ఉన్నాయి.  హేమలత మళ్ళీ ఫోన్ చేయలేదు. చేస్తే కోపం ఇంకా పెరుగుతుందేమోనని భయం. తుడిచేశాక చేరుకుంటే ఆ మనిషి ముందు ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.

దొడ్డబళ్ళాపురంలో ఆ వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు మొదలైంది. కారులో అద్దాలెక్కించినా వినిపిస్తోంది. గంగన్న గడపలోనే నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, భుజం మీద టవలు.

“రండమ్మా” అని లోపలికి తీసుకుపోయాడు.

ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకటి ఆడుతోంది, ఒకటి ఆగి ఉంది. వెనక గదిలో మంచం మీద కంప్యూటరు డబ్బా ఉంది, వైర్లు ఇంకా తగిలించలేదు. దాని పక్కన హనుమక్క కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు. వాళ్ళను చూసి లేవలేదు.

“అంగడాయన స్క్రూలు విప్పుతుండగా ఎత్తుకొస్తిని. ఊరికే తిరిగొస్తే ఆయన కోపం చేసుకునె. చూడండి, ఏం చూస్తారో” అంది.

శివ నేల మీదే కూర్చుని డిస్కు బయటికి తీశాడు. దాని మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకుండా, ముందు యథాతథంగా ఇంకో డిస్కులోకి నకలు తీయడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేదాకా చేయగలిగిందేమీ లేదు. గంగన్న కాఫీ తెచ్చిచ్చి, ఆడుతున్న మగ్గం దగ్గరికి పోయాడు.

“అక్కా, వేరేచోట నకళ్ళేమైనా ఉన్నాయా?” అని అడిగింది హేమలత.

“యాడుంటాయి? డిజైను పెన్‌డ్రైవ్‌లో వేసి మగ్గానికి పెడతాము. అది నేసేది అయినాక తుడిచి ఇంకొకటి వేస్తాము. ముందంతా గ్రాఫు కాగితం మీద గీస్తా ఉంటిని. కంప్యూటర్లోకి ఎక్కించినాక ఆ కాగితాలు ఎవురు దాస్తారు? చెదలు పట్టిపాయె.” ఆమె కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. “కొన్ని పెండ్లయిన కొత్తలో గీసినవి. మా అత్త నిలబడి, ఇక్కడ ఒక గీత తగ్గించు, అక్కడ నిండుగా ఉండాల అని చెప్తాంటే గీసినవి. ఆమె పోయె. ఇప్పుడు నాకి అంత ఓపిక యాడుంది?”

 కంపెనీ షరతుల్లో ఒక వాక్యం ఉంది. ‘ఇది పరీక్ష కోసం మాత్రమే. సమాచారం పోయే అవకాశం ఉంది. నకలు ఉంచుకోండి.’ దించుకునేవాళ్ళంతా దానికింద ‘సమ్మతమే’ అని నొక్కిన తర్వాతే మల్లిగె వస్తుంది. ఆ మాట ఆ గదిలో కూర్చుని చెప్పడం ఆమెకు చేతకాలేదు.

“ఆయన మొదట్నుంచీ చెప్తానే ఉండె” అంది హనుమక్క, మగ్గం వైపు చూస్తూ. “పనిచేసే కంప్యూటరు మీద ప్రయోగాలొద్దని. నేనే వినకపోతిని. ఇప్పుడు ఒక్క మాట కూడా అనడు. తిట్టినా బాగుండు.”

నకలు పూర్తయింది. శివ దాన్ని తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడసాగాడు. ‘పైట’ అనే ఫోల్డరు అక్కడే ఉంది. కాని లోపల ఉన్నవి ఈ మధ్య గీసిన కొన్ని డిజైన్లే. పాతవి ఒక్కటీ లేవు.

“ఈ ఫోల్డరు మీరెప్పుడు చేశారక్కా?” అన్నాడు.

“మీ మల్లిగె పెట్టినాక. పాతదీ ఒకటి ఉండె, అదీ పైటే. కొత్తది చేస్తే ఆ పేరు ఒప్పుకునె. ఇదేమి, ఒకే పేరుతో రెండుండాయే అనుకుంటి. సరే, కొత్తవి కొత్తదాంట్లో, పాతవి పాతదాంట్లో ఉండనీలే అని సుమ్నే ఊరకుంటిని.”

శివ తల ఎత్తాడు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటానికి వీల్లేదు. ఏ కంప్యూటరూ ఒప్పుకోదు.

“పాతది టైపు చేసింది దేంట్లో?”

“పాత కంప్యూటర్లో. అప్పుడు తెలుగుకి వేరే ఏదో ఉండె. ఆ ఫోల్డరునే దీంట్లోకి ఎక్కించుకుంటిని.”

శివ డిస్కులో వెతికి, చెరిగిపోయిన పాత పేరు తాలూకు జాడ ఒకటి పట్టుకున్నాడు. దాన్నీ కొత్త పేరునూ తెర మీద పక్కపక్కన పెట్టాడు. పైట, పైట. తేడా లేదు. తర్వాత ఆ అక్షరాల వెనక కంప్యూటరు దాచుకునే అంకెలను చూపించాడు. మొదటిదానికి అంకెలు ఎక్కువున్నాయి, రెండోదానికి ఒకటి తక్కువుంది.

హేమలతకు అప్పుడు తట్టింది. “ఐత్వం” అంది.

ఐత్వాన్ని కంప్యూటరు రెండు రకాలుగా దాచుకోగలదు. ఒక పద్ధతిలో అదంతా కలిపి ఒకే గుర్తు. ఇంకో పద్ధతిలో పైన ఎత్వం ఒక గుర్తు, కింద వేలాడే తోక ఇంకో గుర్తు. కంటికి రెండూ ఒకటే ‘పై’. హనుమక్క పాత కంప్యూటరు రెండు గుర్తులుగా రాసేది, మల్లిగె ఒకే గుర్తుగా రాస్తుంది. అందుకే మల్లిగె వాటిని రెండు వేరువేరు పేర్లనుకుని మొదట పక్కపక్కన ఉండనిచ్చింది.

“మరి శనివారం ఏమయింది?” అని హేమలత శివను అడిగింది.

 శివ ల్యాప్‌టాప్ మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“శనివారం అప్‌డేట్‌గా పంపిన కూర్పులో పేర్లన్నీ ఒకే పద్ధతిలోకి మార్చే ముక్క చేర్చాం. వెతికినప్పుడు అన్నీ సరిగ్గా దొరకాలని. పాత పైటను కొత్త పద్ధతిలోకి మార్చబోతే, అక్కడ అప్పటికే ఆ పేరుతో ఒకటుంది. అప్పుడేం చేయాలో నేను ఆలోచించలేదు. కొత్తది ఉంచి పాతది తీసేసింది. అక్కా, ఆ ముక్క నేను రాసిందే.”

హనుమక్క అతని వైపు తిరిగింది.

“నువ్వేనా అప్పా?”

“నేనే.”

“అయితే నువ్వే తెచ్చియ్యాల.”

“తెస్తాను. అన్నీ వస్తాయని మాత్రం చెప్పలేను.”

“అబద్ధం చెప్పకుంటివి. అది సాలు” అంది. తర్వాత లేచి లోపలికి పోయి, వాళ్ళిద్దరికీ రాగిముద్ద, ఆకుకూరలతో కాచిన సొప్పు సారు వడ్డించింది. తినేటప్పుడు కూడా ఆమె ముఖం ముడుచుకునే ఉంది, కాని సారు రెండోసారి అడక్కుండానే పోసింది.

డిస్కు తమ సంచిలో పెట్టుకుని, ఆమె పనికి ఆటంకం లేకుండా ఇంకో డిస్కులో పాత సిస్టం ఎక్కించి ఇచ్చి, సాయంత్రానికి ఇద్దరూ తిరిగొచ్చారు.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. మల్లిగె అసలు విడుదల గురువారం. ప్రకటనలు వెళ్ళిపోయాయి, పత్రికలవాళ్ళను పిలిచారు. హేమలత పొద్దున్నే ప్రసాద్ గదిలోకి వెళ్ళింది. ప్రసాద్ ఈ విడుదలకంతటికీ బాధ్యుడు. నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా పూర్తిగా వింటాడు. ఇదీ విన్నాడు.

“బగ్ నిజమే. శివ రాత్రే మెయిల్ పెట్టాడు” అన్నాడు. “కాని హేమా, ఒక్క యూజర్. ఒక్క రిపోర్ట్. ఆమె రెండు కీబోర్డులు వాడి ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు చేసుకుంది. అలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉంటారు? గురువారం రిలీజ్ చేసేసి, వచ్చేవారం అప్‌డేట్‌లో సరిచేద్దాం.”

“వచ్చేవారం అప్‌డేట్ పోయిన ఫైళ్ళు తెచ్చిస్తుందా?”

“బీటాలో డేటా పోవచ్చని ముందే చెప్పాం కదా.”

“గురువారం నుంచి అది బీటా కాదు ప్రసాద్. అప్పుడు నమ్మి పెట్టుకుంటారు.”

ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. “నువ్వు చెప్పేది తప్పని నేననట్లేదు. తేదీ మార్చాలంటే పైవాళ్ళకు చూపించడానికి నాకేదైనా కావాలి. ఒక్కావిడ చీరల డిజైన్లు పోయాయంటే వాళ్ళు నవ్వుతారు.”

హేమలత బయటికొచ్చి తన చోట కూర్చుంది. కోపం వచ్చింది గాని, ప్రసాద్ మాటలో న్యాయం లేకపోలేదు. తెలుగులో రెండు రకాలుగా దాచే గుణింతం ఐత్వం ఒక్కటే. ఐత్వమున్న పేరు, అదీ రెండుసార్లు, రెండు పద్ధతుల్లో పెట్టినవాళ్ళు నిజంగానే తక్కువమంది ఉండొచ్చు. ఈ లెక్కన హనుమక్కది దురదృష్టం మాత్రమే.

అలా అనుకుంటూ గుణింతాల పట్టిక ముందు పెట్టుకుని చూస్తుంటే, పక్కనే ఉన్న కన్నడం పట్టిక మీదికి చూపు మళ్ళింది. కన్నడంలో అలాంటివి ఒకటి కాదు. దీర్ఘాలు చాలావరకు అంతే. ఓత్వమైతే మూడు ముక్కలు.

ఆమె లేచి శివ దగ్గరికి పోయింది. “కన్నడంలో మల్లిగె పెట్టుకుంటే, మొదట్లో సిస్టమే కొన్ని ఫోల్డర్లు తయారుచేసి పెడుతుంది కదా. బొమ్మలు దాచుకునే దానికి ఏం పేరు పెట్టాం?”

“ఫోటో” అన్నాడు శివ. అని, అలాగే ఆగిపోయాడు. ఆ పేరును కన్నడంలో రాస్తే రెండు అక్షరాలకూ ఓత్వమే.

ఒక కొత్త కంప్యూటరు తెచ్చి శనివారానికి ముందు కూర్పును కన్నడంలో ఎక్కించారు. సిస్టం తనంతట తాను ‘ఫోటో’ ఫోల్డరు చేసి పెట్టింది. ఆఫీసులో ఎదురుగా కూర్చునే శ్రుతి ధార్వాడ పిల్ల. తన పాత పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఆమె ఇంట్లో పాత కంప్యూటర్లో పేరు పెట్టిన ‘ఫోటో’ ఫోల్డరు అందులో ఉంది. దాన్ని కొత్త కంప్యూటర్లోకి నకలు చేశారు. తెర మీద ఫోటో, ఫోటో అని రెండు కనిపించాయి. కన్నడంవాళ్ళు ఎవరైనా పాత కంప్యూటరు నుంచి మారేటప్పుడు మొదట చేసే పని ఇదే.

హేమలత ప్రసాద్‌ను పిలుచుకొచ్చింది. అతను నిలబడి ఉండగానే శివ అప్‌డేట్ నొక్కాడు. కంప్యూటరు ఆగి, మళ్ళీ మొదలైంది. ఒక్కటే ‘ఫోటో’ ఉంది. శివ దాన్ని తెరిచాడు. అది సిస్టం చేసిపెట్టిన ఖాళీ ఫోల్డరు.

శ్రుతి “అయ్యో, మా అజ్జి ఫోటోలు” అంది, అవ్వ ఫోటోలున్న పెన్‌డ్రైవ్ తన చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయి.

ప్రసాద్ ఇంకోసారి చేయమన్నాడు. ఇంకోసారీ అంతే అయింది. అతను తన గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. మధ్యాహ్నం బయటికొచ్చి, విడుదల వాయిదా పడిందనీ, శనివారం కూర్పును వెంటనే వెనక్కి తీసుకుంటున్నామనీ అందరికీ చెప్పాడు. అప్పటికే దాన్ని ఎక్కించుకున్నవాళ్ళకు ‘కంప్యూటరు వాడకండి, మాకు ఫోన్ చేయండి’ అని సందేశం వెళ్ళింది. హేమలత దాన్ని రెండు భాషల్లో రాసింది. సాయంత్రం నుంచి ఫోన్లు రావడం మొదలయ్యాయి. బళ్ళారి నుంచి ఒకరు, మండ్య నుంచి ఒకరు, వర్తూరులో హేమలత ఉండే వీధి పక్కనుంచే ఇంకొకరు. ఆదివారం నుంచీ ఏదో పోయిందని వాళ్ళకు అనుమానంగానే ఉందట. తామే ఎక్కడో పొరపాటున తీసేసి ఉంటామనుకుని ఊరుకున్నారట.

హనుమక్క పైటలను రాబట్టడానికి శివకు ఆ వారమంతా పట్టింది. చెరిగినవాటిలో సగానికి పైగా చెక్కుచెదరకుండా వచ్చాయి. కొన్నిటి మీద వేరే ఫైళ్ళు ఎక్కి కూర్చోవడంతో అవి పూర్తిగా పోయాయి. తేరు పైట సగం వచ్చింది. తేరు పైభాగం, గొడుగు, జెండాలు ఉన్నాయి. చక్రాల దగ్గర్నుంచి కింద అంతా చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది.

హేమలత డిస్కు పట్టుకుని ఈసారి ఒక్కతే దొడ్డబళ్ళాపురం బస్సెక్కింది. హనుమక్క ఒక్కో డిజైను తెరిచి చూస్తూ పోయింది.  మధ్యలో ఒకదాని దగ్గర మాత్రం ఆగి, తెర మీద వేలు పెట్టి, “ఇది మా అత్త చెప్పింది” అంది. తేరు పైట తెరిచినప్పుడు నిట్టూర్చింది.

“చక్రాలు పోయినాయే.”

“శివ ఎంత ప్రయత్నించినా రాలేదక్కా.”

“నేసిన చీర ఉంటే చూసి మళ్ళీ గీయొచ్చు. మా ఇంట్లో ఒకటీ లేదు. నేసేది మేము, కట్టేది ఇంకొకరు.” ఆలోచించింది. “ఫాతిమా టీచరు పోయిన రంజానుకి కొనుక్కునె. రా పోదాము.”

ఫాతిమా టీచరు ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఆమె బీరువాలోంచి చీర తీసిచ్చి, సంగతి విని, “ఎన్ని దినాలైనా పెట్టుకో హనుమక్కా, నాకేమీ తొందర లేదు” అంది. ఇంటికి తెచ్చి కిటికీ వెలుతురులో పైట పరిచారు. హేమలత ఒక చివర పట్టుకుంది. హనుమక్క భూతద్దం పెట్టి పోగులు చూస్తూ తెర మీద గళ్ళు నింపసాగింది. ఒకచోట ఆగి, చీర వైపు చూసి, తెర వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

“అప్పుడు చక్రానికి ఆకులు దగ్గర దగ్గరగా పెట్టిండాను. జరీ ముద్దకట్టినట్టుండాది చూడు. ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి పెడతా.”

“సావుకారి పాతదే అడిగాడు కదక్కా?”

“చక్రంలో ఆకులు లెక్కబెట్టి కొంటాడా ఆయప్ప?” అంది హనుమక్క. హేమలత ఆమె నవ్వడం చూసింది అప్పుడే.

చీర నేసి చిక్కపేటకు తెచ్చిన రోజున హనుమక్క తానే ఫోన్ చేసి, పని ముగిశాక ఆఫీసుకు వచ్చింది. గంగన్న కూడా వెంట ఉన్నాడు. శివ కుర్చీలు వేసి, కొత్త కూర్పు ఉన్న కంప్యూటరు ముందు ఆమెను కూర్చోబెట్టాడు. రెండు పైటలూ చేసి పెట్టాడు. అప్‌డేట్ నొక్కితే ఈసారి ఏదీ పోలేదు. తెర మధ్యలో ఒక పలక వచ్చింది. ‘సమాన నామధేయము గల సంచయము గుర్తించబడినది. ప్రతిస్థాపన నివారించబడినది.’

హనుమక్క చదివి హేమలత వైపు తిరిగింది. “ఇది తెలుగేనా అమ్మా?”

హేమలతకు సిగ్గేసింది. తొందరలో అనువాదం బయట చేయించారు. “నేనింకా చూడలేదక్కా. మారుస్తాను” అని కీబోర్డు దగ్గరికి లాక్కుని రాసింది. ‘పైట అనే పేరుతో రెండు ఫోల్డర్లున్నాయి. రెండోదానికి వేరే పేరు పెట్టండి. మీ ఫైళ్ళేవీ పోలేదు.’

“బాగుండాది” అంది హనుమక్క. రెండోసారి చదువుకుంది. “ఆ ఆఖరుది ముందర పెట్టు. పోలేదు అనేది. పేరు సంగతి ఆమేలె, నిదానంగా చూసుకుంటారు. రెండుండాయి అనేసరికే గుండె గుబేలుమంటాది. నాకి తెలుసు కదా.”

హేమలత వాక్యాన్ని ముందుకు జరిపింది. శివ దాన్ని అక్కడే సిస్టంలో చేర్చాడు. ప్రసాద్ వచ్చి నమస్కారం పెట్టి, మీ కంప్యూటర్లో కొత్త కూర్పు శివ చేత వేయించమంటారా అని అడిగాడు.

“ఇప్పుడొద్దు సార్” అంది హనుమక్క. “నలుగురు వాడనీ. నిలబడితే చూస్తాను. కోపం లేదు, భయం ఉండాది.”

“న్యాయమే” అన్నాడు ప్రసాద్.

మల్లిగె ఆ తర్వాతి నెలలో విడుదలైంది. సభ చిన్నగా జరిగింది, పత్రికలవాళ్ళు మొదట అనుకున్నంతమంది రాలేదు. హనుమక్క పాత సిస్టంతోనే పనిచేసుకుంటూ ఉండిపోయింది. చీరకో పెన్‌డ్రైవ్ కొని, వాటిని బియ్యం డబ్బా పక్కన వేరే డబ్బాలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. హేమలత అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. మల్లిగె మాట మాత్రం ఎత్తేది కాదు.

ఎండాకాలం వచ్చాక ఒకరోజు గంగన్న నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మా, మీది ఇంట్లో పెట్టియ్యాలంటే ఏం చేయాల?”

“హనుమక్క అడిగిందా అన్నా?” హేమలత ఆశ్చర్యపోయింది.

“ఆమె కాదు, నేనే. మీ తెలుగుది ఉన్నప్పుడు ఆమె లేని టైములో నేనే డిజైను తెరిచి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటా ఉంటిని. ఈ ఇంగ్లీషుది నాకి చదివేకి రాదు. ప్రతిదానికీ ఆమెను పిలవాల్సొస్తాది. చెప్పి చెప్పి నిన్న సరేననిపించినా. ముందు మొత్తం నకలు తీసిపెట్టి, ఆమేలె ఎక్కియ్యమని చెప్పిండాది. ఆ శివప్పనే రమ్మనింది.”

ఆ శనివారం శివ, హేమలత వెళ్ళారు. నకలు తీయడానికే పూటంతా పట్టింది. హనుమక్క పక్కనే కుర్చీ వేసుకుని, అది పూర్తయ్యేదాకా లేవలేదు.